నాంచారమ్మ మడిలో పోటీ

రాజులు గద్దెల మీదా, మనబోటివాళ్ళు పొలం గట్ల మీదా కూర్చునే కాలంలో నాంచారమ్మకు పెద్ద కష్టమొచ్చింది. మడికి నీళ్ళొచ్చాయి, మట్టి మెత్తబడేలా తొక్కించి దమ్ము చేద్దామంటే ఎద్దు కుంటుతోంది. ఇప్పుడు దమ్ము కాకపోతే ఈ ఏడు నాట్లు లేవు, తిండీ లేదు.

అంతలో రాజుగారి కుస్తీ గురువు మల్లోజీ, కర్రసాము గురువు సింగరాజు పోట్లాడుకుంటూ అటే వచ్చారు. వెనకాల చెరో ఇరవైమంది శిష్యులు.

"బరిలో నన్ను గెలిచిన మొనగాడు లేడు!" అన్నాడు మల్లోజీ.

"దారిలో దొంగ మీదపడితే నీ పట్లు దేనికి? కర్రే దిక్కు!" అన్నాడు సింగరాజు.

నాంచారమ్మ దణ్ణం పెట్టింది. "అయ్యలూ, చదునైన బరిలో ఎవరైనా నిలబడతారు. దొంగ బరి చూసుకుని వస్తాడా? మోకాలి లోతు బురదలో గెలిచిందే అసలు విద్య. ఇదిగో, మడి."

ఇద్దరికీ పౌరుషం పొడుచుకొచ్చింది. శిష్యులతో సహా దూకారు. పొద్దుగూకేదాకా పడ్డారు, లేచారు, దొర్లారు. ఏది కర్రో ఏది కాలో తెలియలేదు గానీ, మడి మాత్రం వెన్నలా మెత్తబడింది.

మల్లోజీ తన నోట్లోని బురద ఊసి, "ఎవరి విద్య గొప్పదో చెప్పు!" అన్నాడు.

నాంచారమ్మ మడిని ఈ మూల నుంచి ఆ మూలదాకా తృప్తిగా చూసుకుంది.

"ఇంకా తేలలేదయ్యా. రేపు పొద్దున్నే పై మడిలోకి రండి."