దివాన్‌గారి ల్యాప్‌టాప్‌లో వీరమణి కొట్టు

పూర్వం ఓ రాజ్యంలో దివాన్ భూపతిరాయలు తన ల్యాప్‌టాప్‌లో చోటు చాలక, రిపేర్లు చేసే వీరమణి చేత నాలుగింతలు పెద్ద ఎస్‌ఎస్‌డీ వేయించాడు. పాత డ్రైవ్ అందులోకి కాపీ అయిందో లేదో, "ఆగండి దొరా, సి డ్రైవ్ పార్టిషన్ హద్దు పెంచాలి" అని ఆమె అంటున్నా వినకుండా ల్యాప్‌టాప్ లాక్కుపోయాడు. తీరా చూస్తే సి డ్రైవ్ పాత కొలతే!

"మిగతాది నొక్కేసిందీ దొంగ! దీని కొట్టు జప్తు!" అని రాజుగారి సభలో రంకెలేసి, ఆమె కొట్టు తాళాలు లాక్కున్నాడు.

ఈ తెలివికి దివాన్‌గిరీ ఎవరిచ్చారో అనుకుంది వీరమణి. "కనబడేదే మీదా దొరా? ఇంకా ఏదైనా దొరికితే?"

"ఉంటేగా! దొరికితే నీదే, పో!"

ఆమె డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సి పక్కన పడున్న మూడింతల ఖాళీని సభకు చూపించి, అక్కడే తన పేరుతో డి డ్రైవ్ కట్టేసింది.

"కొట్టు లాక్కున్నారుగా, ఇక ఇక్కడే పెట్టుకుంటా. రోజూ మోసేది మీరేగా దొరా, కాస్త జాగ్రత్తగా మోయండి."

రాజుగారు నవ్వాపుకోలేకపోయారు. దివాన్ కొట్టు తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.