లొట్టిగట్టు ఎల్లమ్మకు నురుగు లేని సాక

లొట్టిగట్టుకు వచ్చే భక్తులకు ముందుగా కనిపించేది గుడి కాదు, తాటివనం. బస్సు దిగింది మొదలు గట్టు ఎక్కేదాకా దారికి రెండు వైపులా తాళ్లే. ఈ ఊరి కల్లు కోసం చుట్టుపక్కల మండలాల నుంచి జనం ఆదివారం పూట బండ్లు కట్టుకుని వస్తారు. ఇది మేం గొప్పకు చెప్పుకునే మాట కాదు, తాగిపోయినవాళ్లే చెబుతారు. అలాంటి ఊళ్లో ఎల్లమ్మ జాతర నాడు మాత్రం చుక్క కల్లు దొరకదు. మొదటిసారి వచ్చినవాళ్లు ఇదెక్కడి చోద్యమని ముక్కున వేలేసుకుంటారు. గట్టు మీద గద్దెకు అతుక్కుని ఉన్న రాతి కల్లుకుండను, మా మాటలో లొట్టిని, దాని అంచున తెల్లటి చారను చూపించి వాళ్లకు ఈ కథ చెబుతాం.

పూర్వం ఇక్కడ మల్సూరు అనే గీతకారుడు ఉండేవాడు. మోకు నడుముకు బిగించి తాటిచెట్టెక్కితే కోతి కూడా కిందే నిలబడి చూడాల్సిందే. అతని కల్లు నురుగు లొట్టి అంచు దాటి పొంగేది. అందుకే జాతర నాడు అమ్మవారి గద్దె మీద తొలి సాక, అంటే మొదటి కల్లు ధార, పోసే మర్యాద అతనిది. అంతకుముందు అతని తండ్రిది. కులపెద్ద ఉప్పలయ్య గౌడు ఏటా లొట్టిలోకి తొంగి చూసి, నురుగు బాగుంటేనే సాకకు ఒప్పుకునేవాడు. ఆ మర్యాద పోతే వనంలో మంచి చెట్లు కూడా చేజారేవి. మల్సూరుకు ఆ మర్యాదంటే ప్రాణం. తలపాగా కాస్త ఎత్తుగానే చుట్టేవాడు పాపం.

ఒక ఏడు వానలు మొండిచేయి చూపాయి. బావులు అడుగంటి, మిగిలిన బురదనీళ్లు తాగిన పిల్లలకు వాంతులు, విరేచనాల గత్తర తగులుకుంది. మల్సూరు ఒక్కగానొక్క కూతురు నీలవ్వ కూడా మంచం పట్టింది. తల్లి అండాలమ్మ ఏది తాగించినా నిమిషంలో కక్కేసేది. నాలుగేళ్ల పిల్ల మంచంలో పిడికెడైపోయింది. మల్సూరు రోజూ తన లొట్టిలోంచి మంచి ఘాటైన కల్లు తీసుకెళ్లి గద్దె మీద పోసి, బిడ్డను దక్కించమని మొక్కేవాడు. అమ్మవారు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది.

జాతర ముందురోజు మిట్టమధ్యాహ్నం అతనికి చెట్టు మొదట్లో కునుకు పట్టింది. కలలో ఒక ముసలమ్మ, నెరిసిన జుట్టు విరబోసుకుని, పసుపు రాసుకున్న కాళ్లు చాపుకుని కూర్చుంది. "నా గద్దె నల్లబడ్డది కొడుకా. సున్నం వెయ్యి. నీ బిడ్డను నేను జూస్త" అంది. మల్సూరు దిగ్గున లేచాడు. సున్నం కలపడానికి వేరే పాత్ర వెతికే ఓపిక లేక, చేతిలో ఉన్న లొట్టిలోనే కలిపి, గద్దెను తెల్లగా మెరిసేలా పూశాడు. అప్పటికే పొద్దు వాలింది. లొట్టి కడుగుదామంటే ఊళ్లో నీళ్లేవి? మనసంతా మంచంలోని పిల్ల మీదే ఉంది. సున్నపు లొట్టినే తీసుకెళ్లి గెలకు కట్టి దిగాడు. గీతకత్తి పట్టిన ఏ మనిషీ చేయని తప్పు అది. సున్నం తగిలితే కల్లు పులవదు, నురుగెత్తదు.

తెల్లారి లొట్టి దించి చూసుకున్నాడు. లోపల తేటగా, తియ్యగా తాటినీరు ఉంది. నురుగు జాడ లేదు. ఊళ్లో అప్పుడే డప్పులు మోగుతున్నాయి. మల్సూరు తలపట్టుకుని చెట్టు మొదట్లోనే కూలబడ్డాడు. బామ్మర్ది సాయిలు పక్క చెట్టు దిగి వచ్చి సంగతి చూశాడు. "నా లొట్టి పట్కపో బావా. నురుగు మంచిగున్నది. ఎవలకు ఎర్క?" అన్నాడు. మల్సూరు చేయి ఆ లొట్టి మీదకు పోయింది కూడా.

అంతలో అండాలమ్మ పిల్లను భుజాన వేసుకుని పరుగున వచ్చింది. ఇంట్లో నీటిబొట్టు లేదు, పిల్ల నాలుక పిడచగట్టింది. ఎదురుగా కనిపించిన సున్నపు లొట్టిలోంచి ఆకుదొప్పతో ఇంత తీసి పిల్ల నోట్లో పోసింది. పిల్ల కక్కలేదు. కాసేపటికి కళ్లు తెరిచి, ఇంకా కావాలని దొప్పకేసి చూసింది. "కడుపుల నిలిచింది" అంటూ అండాలమ్మ భోరుమంది.

అమ్మవారు సున్నం ఎందుకు అడిగిందో మల్సూరుకు అప్పుడు తెలిసొచ్చింది. సాయిలు లొట్టి తీసుకెళితే తన మర్యాద దక్కుతుంది, ఈ నీరు కడుపులో నిలిచిన సంగతి మాత్రం తన ఇంట్లోనే ఉండిపోతుంది. ఊళ్లో మంచాల మీద ఇంకా ఎందరో పిల్లలున్నారు. అతను సాయిలు లొట్టిని పక్కకు నెట్టి, తన సున్నపు లొట్టినే నెత్తిన పెట్టుకుని గట్టెక్కాడు.

ఉప్పలయ్య అలవాటుగా తొంగి చూశాడు. ముఖం చిట్లించి, "నురుగేదిరా మల్సూరూ?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. మల్సూరుకు చెవులు కాలిపోయాయి. అయినా తల దించలేదు. "లేదు పెద్దగౌడా. ఇది సున్నపు లొట్టి. నా బిడ్డ కడుపుల ఇదొక్కటే నిలిచింది. ఇయ్యాల లొట్లన్నిట్ల సున్నం పూసి పిల్లలకు పోద్దాం."

"పండుగపూట ఊరి కల్లంత పాడుజేస్తవా? తొలి సాక ఇగ నీది గాదు."

"పోనియ్యి" అని, మల్సూరు లొట్టిని గద్దె మీద వంచి సాక పోశాడు. పోసి ఎత్తబోతే లొట్టి రాలేదు. ఎందరు పట్టి లాగినా కదల్లేదు. చూస్తుండగానే మట్టి కాస్తా రాయైంది. ఉప్పలయ్య గట్టు దిగి, అందరికంటే ముందు తన లొట్లకే సున్నం పూయించాడు. అతని మనవడు కూడా ఇంట్లో గత్తరతో మంచం మీదే ఉన్నాడు మరి. ఆనాటి సాయంత్రం నుంచి ఊళ్లో పిల్ల పోయిందన్న ఏడుపు వినబడలేదని మా పెద్దల మాట.

ఈనాటికీ జాతర ముందురోజు లొట్టిగట్టులో ప్రతి లొట్టికీ సున్నం పూస్తారు. తెల్లవారి దించిన తియ్యటి నీరు ముందు పిల్లలకు, జబ్బుపడ్డవాళ్లకు, తర్వాత వచ్చిన భక్తులకు అందుతుంది. గీసినవాళ్లు అందరికంటే చివర తాగుతారు. పిల్లల ఆరోగ్యం కోసం మొక్కుకున్నవాళ్లు రాతి లొట్టి అంచుకు సున్నపు బొట్టు పెడతారు. కల్లు ఊళ్లో కల్లు లేని పండగేమిటని పొరుగూళ్లు నవ్వుతాయి. నవ్వనీయండి, మాకేం చిన్నతనం లేదు.

సాక వేళ కులపెద్ద వంశంవాడు గద్దె పక్కన నిలబడతాడు. లొట్టి తెచ్చే మనిషి అసలు పేరు ఏదైనా సరే, ఆ పూటకు అతను మల్సూరే. ఆ పేరుతో పిలిపించుకోవడానికి ఊళ్లో గీతకారులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. పెద్దగౌడు లొట్టిలోకి తొంగి చూసి, ఊరంతా వినేలా "నురుగేదిరా మల్సూరూ?" అని అడుగుతాడు. అతను తల ఎత్తి, "లేదు పెద్దగౌడా" అంటాడు. అప్పుడు డప్పు మోగుతుంది.