వరహాలమ్మ బీరపాదులు

అనగనగా ఏటిగట్టు కింద ఒక ఊళ్ళో వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది తల్లీ. చెయ్యి పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆవిడ పెరట్లో దడి పొడుగునా బీరపాదులే. ఆ విత్తనం వాళ్ళమ్మ ఇచ్చింది. అమ్మ పోయింది, అమ్మ చేతి వంటా పోయింది, ఆ కాయల తీపి ఒక్కటే మిగిలింది. అందుకే అవంటే ఆవిడకి ప్రాణం.

పాదులన్నీ ఒక్క విత్తనం సంతానమే అయినా, మీ అమ్మా పిన్నీ లేరూ, అలాగే దేని తీరు దానిది. ఒకటి తీపి, ఒకటి చప్పిడి, ఎక్కడో ఒకటి చేదు. వరహాలమ్మ కాయ కోసి చివర ముక్క కొరికి చూసేది. తీపిదైతే ఆ పాదు కాయలన్నీ చుట్టాలకి, పక్కింటికి, ఊళ్ళో బాలింతలకి. చేదైతే థూ అని ఊసేసి, మళ్ళీ ఆ పాదు జోలికి వెళ్ళేది కాదు. ఆ కాయలే ముదిరి, ఎండి, గలగలలాడేవి. ఆ తర్వాత తొలకరికి ఆ గింజలే పెట్టేది. "విత్తనానికి మంచి కాయెందుకే, దండగ!" అనేది. చూశావా ఎంత తెలివో!

మొదట్లో ఒక్క పాదు చేదు. కొన్నేళ్ళకి సగం దడి చేదు. ఆ తర్వాత మూలనున్న పాదు తప్ప దడంతా చేదే. వరహాలమ్మ దిష్టి తీసింది, పేడ వేసింది, నుయ్యి మార్చి నీళ్ళు పోసింది. అబ్బే! "ఏం తక్కువ చేశానని ఇలా మారిపోయారే?" అని పాదుల్ని తిట్టింది కూడా.

అప్పుడొకనాడు మూల పాదు కాయ కొరికితే నోరంతా తీపి. విత్తనానికి ఎండిన కాయలు ఏ పాదులవో వెళ్ళి చూసుకుంది. అన్నీ చేదు పాదులవే. ఏ పాదూ మారలేదు తల్లీ. తీపివి తీపిగానే పుట్టి, పిల్లల్లేకుండా జనం కడుపుల్లోకి పోయాయి. చేదువాటికే పిల్లలు, ఆ పిల్లలకే మళ్ళీ పిల్లలు. మారింది దడి. మార్చింది ఆవిడ పెద్ద చెయ్యే.

మూల పాదుకి ఇంకొక్క కాయే ఉంది. సరిగ్గా అప్పుడే తమ్ముడు సూరిబాబు బండి దిగాడు. జ్వరంపడి లేచాడేమో, మనిషి చిక్కిపోయాడు.

"అన్నం సయించట్లేదే అక్కా. అమ్మ బీరకాయ పప్పులో వేసి పెట్టు" అన్నాడు. మధ్యాహ్నం అడిగాడు, రాత్రి అడిగాడు, పొద్దున్న బయల్దేరబోతూ మళ్ళీ అడిగాడు. వరహాలమ్మ కత్తిపీట తియ్యడం, పెట్టెయ్యడం.

"అది విత్తనానికిరా" అంది చివరికి.

"నాకన్నా విత్తనం ఎక్కువైందా?" అని తమ్ముడు వెళ్ళిపోయాడు. ఎవరికీ లేదనని మనిషి, సొంత తమ్ముడికి లేదంది! పొయ్యి దగ్గర కూర్చుని భోరున ఏడ్చింది. ఇక్కడికొస్తే నాకూ ఏడుపొస్తుంది.

ఆ తర్వాత ఆ కాయ ఎండింది. దాని గింజలు పెడితే కొన్ని తీపి, కొన్ని చేదు. చుట్టూ చేదు పాదులేగా, వాటి పుప్పొడి తుమ్మెదలు మోసుకురావూ మరి! వరహాలమ్మ చేదువి పీకేసింది. తీపివాటిలో అన్నిటికన్నా మేలైన కాయని ఎండనిచ్చింది. మరుసటేడూ అంతే, ఆ పై ఏడూ అంతే. చేదు ఏ దారిన వచ్చిందో, తీపీ ఆ దారినే మెల్లగా తిరిగొచ్చింది.

అప్పుడు తమ్ముడికి కబురు పెట్టింది. మూతి ముడుచుకునే వచ్చాడు. ముద్ద నోట్లో పెట్టుకుని "అమ్మ..." అన్నాడంతే. విస్తరి ఊడ్చుకు తిన్నాక అడిగాడు.

"అన్నిట్లోకీ మంచి కాయే పెట్టావా అక్కా?"

"లేదురా. మంచిది పాదు మీదుంది."

సూరిబాబు దడి వైపు చూశాడు.

"ఉండనీ అక్కా. నేనడిగినా కొయ్యకు" అన్నాడు.

మేలు కాయ విత్తుకి,
మిగతా కాయ వంటకి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి,
నిద్దరమ్మ నీ కంటికి.