దారి కనబడని చోట

డాక్టర్ సోమయాజి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా అడిగితే అప్పటికి ఊఁ కొట్టి ఊరుకునేవారు. జవాబు నాలుగు రోజులకో నెలకో ఏదో ఒక పని రూపంలో ఎదురయ్యేది. విశాఖ తీరాన ఆయన పనిచేసే కాన్సర్ ఆసుపత్రిలో ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసీ, ఆయన దగ్గర సర్జరీ నేర్చుకుంటున్న వారిజ అడిగింది.

పెద్దపేగు కాన్సర్‌కి లాప్రోస్కోపీ మేలా, రోబో మేలా అని. రెండూ పొట్టకి చిన్న కన్నాలు పెట్టి, కెమెరా దింపి చేసే ఆపరేషన్లే. మొదటిదాంట్లో పొడవాటి పరికరాలు సర్జను చేతుల్లోనే ఉంటాయి. రెండోదాంట్లో సర్జను కాస్త దూరంగా కూర్చుని మీటలు కదిలిస్తే లోపల రోబో చేతులు కదులుతాయి. ఆమె చదివిన వ్యాసాల్లో ఒకటి రోబోతో అయితే మధ్యలో ఆపి పొట్ట పెద్దగా కోయవలసి రావడం తక్కువంటుంది, ఇంకొకటి దానికి టైము ఎక్కువంటుంది. రోగి బతుకు దగ్గరకొచ్చేసరికి రెండూ ఇంచుమించు ఒకటే అంటాయి. చదివినకొద్దీ ఆమెకి తెలిసింది తగ్గిపోతూ వచ్చింది. సోమయాజి గారు అంతా విని, గురువారం అప్పలకొండమ్మకి రోబోతో ఆపరేషన్ నువ్వే మొదలుపెట్టమన్నారు.

అప్పలకొండమ్మ భీమిలి దగ్గర చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. కుడివైపు పేగులో గడ్డ. చిన్న కన్నాలతో అయిపోతుందని వారిజ ఆమెకి ధైర్యం చెప్పింది.

గురువారం పొద్దున్న వారిజ ఆ యంత్రం ముందు కూర్చుని, అద్దాల్లోకి తల ఆనించగానే గది మాయమైంది. మానిటర్ల చప్పుడు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుంది. లోపలంతా గులాబీ వెలుగు. పేగుని కొంచెం పైకెత్తితే దాని కింద తెల్లటి పొర, నురగలాంటిది, తాకీ తాకకముందే విడిపోతోంది. చుక్క రక్తం లేదు. తను చేస్తోందో, ఎవరో చేస్తుంటే చూస్తోందో తెలియడం మానేసింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ ఆ తెలుపులోకి వెళ్ళిపోయింది.

గడ్డ వెనక, చిన్నపేగు మొదలయ్యే చోట, తెలుపు అయిపోయింది. అంతా ఒకటే ఎరుపు. గడ్డ ఎంతవరకో, చిన్నపేగు ఎక్కణ్ణుంచో అంచు తెలియలేదు. ఆ రోబో చేతులకి స్పర్శ లేదు, గట్టిదీ మెత్తదీ కంటితోనే పోల్చుకోవాలి. ఇక్కడ చిల్లి పడితే మనిషి దక్కడం కష్టమని ఆమెకి బాగా తెలుసు. తెలిసీ రెండు మూడు కదలికలు ముందుకే వెళ్ళింది. పిలుపు వినబడుతున్నా నిద్రలోంచి లేవలేకపోయినట్టు, వేళ్ళు మీటల్ని వదల్లేదు. ఎట్టకేలకి చేతులు తీసి, తల వెనక్కి లాక్కుంది.

"సార్, నాకు దారి కనబడ్డం లేదు."

సోమయాజి గారు ఆమె చోట కూర్చుని చాలాసేపు చూశారు.

"నాకూ కనబడ్డం లేదు," అన్నారు.

రోబోని పక్కకి జరిపించి, పొట్ట జానెడు కోశారు. ఆమె వేళ్ళని తన వేళ్ళతో పాటు ఆ చోటికి తీసుకెళ్ళారు. అంచు చేతికి తగిలింది. గడ్డ చిన్నపేగు గోడని ఒకచోట పట్టుకుని ఉంది. ఆ కాస్త గోడనీ గడ్డతో కలిపి తీసి, కుట్టేసరికి మధ్యాహ్నం దాటింది. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. తీసిన ముక్క అంచుల్లో కాన్సర్ లేదు.

ఇంటికి వెళ్ళేనాడు అప్పలకొండమ్మ గాయం తడుముకుంటూ, "సిన్న కన్నాలే అన్నావు గదమ్మా, ఇదేటి ఇంత గీత?" అని అడిగింది. వారిజ దాచలేదు. గడ్డ వెనక తనకి దారి తెలియలేదనీ, ఆగిపోయాననీ, అందుకే కోయవలసి వచ్చిందనీ చెప్పింది. అప్పలకొండమ్మ సరేనని తల ఊపి, గంప మళ్ళీ ఎప్పుడు ఎత్తొచ్చని అడిగింది.

వరండాలో గురువుగారి వెంట నడుస్తూ వారిజ ఉండబట్టలేక, లాప్రోస్కోపీ అయితే ఏమయ్యేదని మళ్ళీ మొదలుపెట్టింది. సముద్రం మీద ఆవిరి లేచి పడవలు సగం సగమే కనబడుతున్నాయి. సోమయాజి గారు వాటినే చూస్తూ అడిగారు.

"దారి లేదని నీకు తెలిశాక, చేతులు తీయడానికి ఎంతసేపు పట్టింది?"

"చాలాసేపే పట్టింది, సార్."

"ఏ యంత్రం ముందు ఆ సేపు తగ్గుతుందో చూసుకో," అన్నారాయన.