నాలుగో సంగతి రాయని ఆకు

తుమ్మలమెట్ట అడవిలో ఎవరి కాలు విరిగినా, ఎవరి రెక్క బెణికినా ముందు వినిపించే మాట ఒకటే: "సూరమ్మత్తను పిలవండి!"

సూరమ్మ కొండముచ్చు. ఎముకలు అతకడంలో ఆమెకు సాటి ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. వెదురు బద్దలు పెట్టి నారతో కట్టు కట్టాక, తాటాకు మీద ముల్లుతో నాలుగు సంగతులు రాసుకునేది. ఎవరొచ్చారు, ఏ ఎముక విరిగింది, ఏం చేశాను, ఏం జాగ్రత్త చెప్పాను. ఆ ఆకులన్నీ తీగకు గుచ్చి గుహలో వేలాడదీసేది.

ఒకనాడు నక్క జంబయ్య చేను కంచెలో ఇరుక్కుని, ముందరి కుడికాలు విరగ్గొట్టుకుని వచ్చాడు.

"చచ్చిపోతున్నానత్తా! నీ కాళ్లు పట్టుకుంటాను."

"నా కాళ్లెందుకురా, నీ కాలు ఇటివ్వు" అంది సూరమ్మ.

కట్టు బిగించి గట్టిగా చెప్పింది. "మూడు వారాలు ఈ కాలు నేలకు ఆనించావో, ఎముక వంకరగా అతుక్కుంటుంది. కట్టు నేను విప్పాలి, నువ్వు కాదు. విన్నావా?"

"విన్నానత్తా. నువ్వెలా చెబితే అలాగే."

సూరమ్మ ఆకు తీసి మూడు సంగతులు రాసిందో లేదో, దుప్పి లచ్చమ్మకు కాన్పు కష్టమైందని కబురొచ్చింది. ముల్లు అక్కడే పడేసి పరుగెత్తింది. తల్లీ బిడ్డా బతికారు. ఆ సంతోషంలో నాలుగో సంగతి రాయడం మరిచేపోయింది.

సరిగ్గా ఇరవై రెండో నాడు జంబయ్య వంకర కాలితో అడవి పెద్ద, ఏనుగు భద్రయ్య ముందు నిలబడి గగ్గోలు పెట్టాడు. "పెద్దయ్యా, సూరమ్మ నా కాలు పాడుచేసింది! జాగ్రత్త ఒక్కటీ చెప్పలేదు. ఇకమీద ఆవిడ ఎవరినీ ముట్టుకోకూడదు. నా తిండి కూడా బతికినన్నాళ్లూ ఆవిడే తెచ్చిపెట్టాలి!"

మర్నాడు పొద్దున పంచాయితీ అన్నారు. ఆ మాట వినగానే గోరువంక చిట్టెమ్మ గుహకు ఎగిరొచ్చింది. నలుగురి తరఫున మాట్లాడి పెట్టడం దాని పని.

"జంబయ్య ఆకు చూపించత్తా... అయ్యో, జాగ్రత్త రాయలేదే! పోనీ, ఇప్పుడు రాసెయ్యి. ఒక్క గీతేగా, ఎవడికి తెలుస్తుంది?"

ముల్లు చేతికందేంత దూరంలోనే ఉంది. సూరమ్మ చెయ్యి దాని మీదికి పోయింది. రేపు తీర్పు తనకు వ్యతిరేకంగా వస్తే, నలభై ఏళ్ల విద్య ఈ గుహలోనే మూలపడుతుంది. బయట అప్పటికే నడుం పట్టేసిన కుందేలొకటి పడిగాపులు పడుతోంది. దాన్ని ఎవరు చూస్తారు?

అయినా ముల్లు పక్కకు నెట్టేసింది. "ఆనాడు రాయనిది ఈనాడు రాస్తే, ఈ తీగకున్న ఆకులన్నీ అబద్ధమైపోతాయే చిట్టీ."

"నీ మంచితనం తగలెయ్య!" అని గోరువంక తల కొట్టుకుంది.

పంచాయితీలో భద్రయ్య అడిగాడు. "ఏమ్మా సూరమ్మా, జాగ్రత్త చెప్పావా?"

"చెప్పాను పెద్దయ్యా. కానీ రాయలేదు. అది నా తప్పే."

గుంపులో గుసగుసలు లేచాయి. జంబయ్య తోక ఆడించాడు. "చూశారా! ఒప్పుకుంది!"

సూరమ్మ నెమ్మదిగా వాడి వైపు తిరిగింది. "జంబయ్యా, కట్టు ఎప్పుడు విప్పావురా?"

నడిచానంటే తప్పు తన మీదకొస్తుందని నక్క లెక్కవేసుకున్నాడు. "మొన్న సాయంత్రం! అప్పటిదాకా ఈ కాలు నేలకు ఆనిస్తే ఒట్టు!"

"ఏదీ, నాలుగు కాళ్లూ చాపు."

చాపాడు. సూరమ్మ ఒక్కో పాదం పట్టుకుని అందరికీ చూపించింది. "నేల తగిలితేనే గోళ్లు అరుగుతాయి. మూడు వారాలు పైకెత్తి ఉంచిన కాలికి కొడవళ్లలా పెరగాలి. ముంగిస వీరాసామికీ మూడు వారాల కట్టు నిన్ననే విప్పాను. నీ కాలు చూపించు బాబూ."

వీరాసామి కాలెత్తాడు. మూడు కాళ్ల గోళ్లు పొట్టిగా ఉన్నాయి, నాలుగోదానివి వంకీలు తిరిగి ఉన్నాయి. జంబయ్యకేమో నాలుగు కాళ్లకూ ఒకేలా, నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

భద్రయ్య తొండం పైకి లేచింది. "ఇంకో మాట చెప్పరా. ఆవిడ ఏమీ చెప్పలేదంటివి. మరి చెప్పకుండానే మూడు వారాలు కాలెత్తి కూర్చున్నానని ఎందుకంటున్నావు?"

గుంపులోంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"వాగులో ఎండ్రకాయలు పడ్డాయన్నారు పెద్దయ్యా... ఎనిమిదో రోజే విప్పేశాను" అని గొణిగాడు జంబయ్య.

"ఆకులు తిని బతికేదాన్ని, నన్ను జీవితాంతం నీకు ఎండ్రకాయలు పట్టమన్నావట్రా!" అంది సూరమ్మ. అందరూ గొల్లుమన్నారు.

భద్రయ్య నవ్వాపుకుని ఆమె వైపు చూశాడు. "నీకూ ఒక మాట సూరమ్మా. ఈసారి గోళ్లు సాక్ష్యం చెప్పాయి. ప్రతిసారీ చెప్పవు."

"నిజమే పెద్దయ్యా. ఇకనుంచి నాలుగూ రాసి, చదివి వినిపించి, పంజా ముద్ర వేయించాకే ఎవరినైనా గుహ దాటనిస్తాను."

అందరూ లేచి వెళుతుంటే జంబయ్య తల వంచుకుని దగ్గరికొచ్చాడు. "అత్తా... ఈ వంకర తియ్యగలవా?"

ఛీకొట్టి తరుముతుందనే అనుకున్నారంతా. సూరమ్మ ఆ కాలు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తడిమి చూసింది.

"తియ్యొచ్చు. మళ్లీ విరగ్గొట్టాలి. నొప్పి ప్రాణం తీస్తుంది. అంతా చేసినా తిన్నగా అతుకుతుందని మాటివ్వలేను. ఇష్టమేనా?"

నక్క తలాడించాడు.

"తలాడిస్తే చాలదు. అందరూ వినేలా నోటితో చెప్పు."

అడవంతటినీ మోసం చేయబోయిన ఆ గొంతు సన్నగా పలికింది. "ఇష్టమే అత్తా."

నీతి: చెప్పిన జాగ్రత్త అప్పుడే రాసిపెట్టుకోవాలి, రాయడం మరిచిన చోట మనల్ని కాపాడేది దొంగరాత కాదు, నిజమే.