చేతికివ్వని మిరపకాయ

అడిగిన దానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు పేరయ్యగారికి లేదు. గుంటూరు మిర్చి యార్డులో బేరాలు కుదర్చడంలో తలపండిన మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఝాన్సీ ఆ పొద్దున, "గురువుగారూ, పరదేశం వాళ్ళతో బేరానికి కూర్చునే మనిషికి ముఖ్యంగా ఏం తెలిసుండాలి?" అని అడిగింది. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని, ముందు పద, ఆయన వచ్చే వేళయిందన్నారు.

వచ్చేది కొరియా వ్యాపారి నామ్. ఝాన్సీ వాళ్ళ ఊరి రైతుల సరుకంతా కోల్డ్ స్టోరేజిలో మూలుగుతోంది. కొత్త పంట దిగితే ఈ పాత సరుకు మొహం చూసేవాడుండడు. అందుకే ఆమె కొరియా మర్యాదలన్నీ చదువుకుని మరీ వచ్చింది. వంగి నమస్కరించింది, కార్డు రెండు చేతులా అందించింది. నామ్ ముఖం విచ్చుకుంది. మచ్చు కాయల కోసం ఆయన రెండు చేతులూ చాపాడు. ఝాన్సీ గుప్పెడు కాయలు తీసి, ఆ చేతుల పక్కనే బల్లమీద పెట్టింది.

చాచిన చేతులు కాసేపు గాలిలోనే ఉండి వెనక్కి వెళ్ళాయి. ఆపైన ఆయన కాయల వంక చూడనే లేదు. ఇంకొకరిని కలవాల్సి ఉందంటూ సంచి సర్దుకోసాగాడు. ఝాన్సీ రంగు గురించి చెప్పింది, ఘాటు గురించి చెప్పింది, ఆఖరికి అడక్కుండానే ధర తగ్గించింది. దాంతో సరుకులోనే ఏదో లోపముందని ఆయనకి అనుమానం పట్టుకుంది. లేచి నిలబడ్డాడు.

"మావల్ల ఏదో తప్పు జరిగింది. అదేమిటో చెప్పి వెళ్ళమనమ్మా," అన్నారు పేరయ్యగారు. ఝాన్సీ ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది.

నామ్ సంచి కింద పెట్టాడు. "నేను చెయ్యి చాపాను, మీరు బల్లమీద పడేశారు," అన్నాడు. "మా ఊళ్ళో పగవాడికి కూడా అలా పెట్టరు."

ఝాన్సీ తన చేతుల వంక చూసుకుంది. మిరపకాయ చేతికిస్తే ఇద్దరికీ తగవొస్తుందని అమ్మ ఎప్పుడూ వంటింటి గట్టుమీదే పెట్టేది. తనూ అంతే. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. ఇప్పుడు మాటలు వెతుక్కుంటూ చెప్పింది. చెప్పి, లోపల పీకుతున్నా సరే, దోసిలి నిండా కాయలు తీసి ఆయన ముందుకు చాపింది.

నామ్ చేతులెత్తాడు. ఆగాడు. మళ్ళీ దించేశాడు.

"వద్దు, బల్లమీదే పెట్టండి. మీతో తగవు నాకెందుకు?"

ఆమె పెట్టింది. ఆయన రెండు చేతులతో తీసుకుని, ఒక కాయ విరిచి వాసన చూసి, గట్టిగా తుమ్మి, ధర సంగతి తర్వాత, ముందు బస్తాలు చూపించమన్నాడు.

కోల్డ్ స్టోరేజికి నడుస్తూ ఝాన్సీ తన ప్రశ్న గుర్తుచేసింది. పేరయ్యగారు ఆమె వంక తిరగనైనా లేదు.

"వాళ్ళ సంగతులు బాగానే చదువుకొచ్చావమ్మాయ్. నీ చేతుల సంగతి ఎవరు చదువుతారు?"