శాలువాల కింద పైడమ్మ

అనగనగా ఏటి గట్టున ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. మంత్రసాని అంటే పురుళ్ళు పోసే ఆవిడ. ఇప్పట్లా ఆస్పత్రులు లేని రోజులు కదా, ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డా ముందు పైడమ్మ చేతుల్లో పడేది, ఆ తర్వాతే తల్లి ఒళ్ళోకి వెళ్ళేది. గోడవైపు కాదు, ఇటు తిరుగు. నాకివాళ కోపంగా ఉంది. నీ మీద కాదులే, విను.

పైడమ్మ బిడ్డకి నలుగు పెట్టేది, కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసేది, సాంబ్రాణి పొగ వేసేది. వెళ్ళేముందు తల్లికి ఒక మాట చెప్పేది. బిడ్డని ఒక్క పక్కనే పడుకోబెట్టి వదిలేయకండి, అటూ ఇటూ తిప్పుతుండండి, లేకపోతే ఒళ్ళు కందిపోతుంది అని. ఆ ఊరి ఆడవాళ్ళందరికీ ఆ మాట కంఠతా వచ్చు. నువ్వూ గుర్తుపెట్టుకో, దాంతో మనకి పనుంది.

అలా ఏళ్ళు గడిచాయి. పైడమ్మకి పళ్ళూడాయి, నడుము వంగింది, వయసులో ఊరందరికన్నా పెద్దదయింది. ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. అందరికన్నా పెద్దావిడని పెద్దతల్లి అంటారు. చావడిలో పట్టెమంచం వేసి కూచోబెడతారు. పెళ్ళికి వెళ్ళేవాళ్ళయినా, విత్తనాలు చల్లేవాళ్ళయినా ముందు ఆవిడ కాళ్ళకి మొక్కి, శాలువా కప్పి వెళ్ళాలి. అయితే కాళ్ళు తప్ప ఒళ్ళు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అపచారమట. ఎవడు పెట్టాడో ఆ ఆచారం, వాడి నోట్లో మన్ను పడ.

మొదట్లో పైడమ్మకి బాగానే ఉంది. పిల్లాపీచూ లేని మనిషి, పుట్టిన దగ్గర్నుంచీ పనిచేసిన ఒళ్ళు, కూచోబెట్టి అన్నం పెడతామంటే ఎవరికి చేదు? ఇంటికో పూట వంతు వేసుకుని తెచ్చి పెడితే తింది. మొక్కితే దీవించింది. తన పనులు తనే చేసుకుంది.

ఆ తర్వాత వానాకాలం వచ్చింది. పైడమ్మ పెరట్లో పాచి మీద జారిపడింది, తుంటి విరిగింది. ఇక లేవలేకపోయింది. ఊరివాళ్ళు ఆవిడని దుప్పట్లో ఎత్తి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. దుప్పటి పట్టుకుంటే ఒళ్ళు ముట్టుకున్నట్టు కాదట, చూశావా తెలివి. అలా పడుకోబెట్టినదాన్ని అలాగే ఉంచేశారు. కింద గుడ్డ తడిస్తే కాళ్ళవైపు నుంచి సర్రున లాగేవాళ్ళు, ఒళ్ళంతా గీసుకుపోయేది.

పడుకోగా పడుకోగా వీపు మంటెత్తింది. పైడమ్మకి అదేమిటో తెలుసు. ఎన్ని ఒళ్ళు చూసిందని. అప్పుడు అన్నం తెచ్చిన ఆడవాళ్ళని అడిగింది, నన్ను ఓపాలి పక్కకి తిప్పండర్రా, వీపు కాలిపోతంది అని. వాళ్ళు చెంపలేసుకున్నారు. పెద్దతల్లి ఒంటి మీద చెయ్యి వేస్తామా అన్నారు. అంటున్న పిల్లే తన బిడ్డని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. పైడమ్మ అది చూసింది. పసిబిడ్డకి పనికొచ్చిన మాట ముసలిబిడ్డకి పనికిరాదా అనుకుంది. వాళ్ళేమో వంగి కాళ్ళకి మొక్కి, కొత్త శాలువా కప్పి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత వీపు మీద పుండు పడింది. ముక్కు మూసుకోకు, పుండుని పుండనే చెప్పాలి. వాసన మొదలైంది. అప్పుడు ఊరి పెద్దలు వస్తే వాళ్ళనీ అడిగింది, వీపు చూడండి బాబూ అని. వాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. పెద్దతల్లి వీపు చూడ్డమేమిటని మూరెడు మల్లెదండ వేశారు, కుండెడు సాంబ్రాణి పొగ వేయించారు. ఆ పొగకి పైడమ్మకి దగ్గొచ్చింది. దగ్గినప్పుడల్లా వీపు చిరిగినట్టయి చెయ్యి పైకెత్తింది. దీవిస్తోందని మళ్ళీ మొక్కారు. ఇలాంటి భక్తిని ఏట్లో కలపాలి.

మూడోసారి పైడమ్మ ఎవర్నీ అడగలేదు. అన్నం మానేసింది. ముద్ద నోటి దాకా వెళ్తే ఒట్టు. జొరం పట్టుకుంది. మనిషి ప్రాణం పోతోందిరా మొర్రో అని ఒక్కరైనా అనుకోవాలా? పెద్దతల్లి దేవతయిపోతోంది, అందుకే ఆకలి లేదు అనుకున్నారు. పల్లకీ కట్టి ఊరేగించాలనుకున్నారు. డప్పులు తెచ్చారు, అరటిచెట్లు కట్టారు, అందరూ కొత్తబట్టలు వేసుకున్నారు.

అప్పుడు ఆ ఊరి మునసబు గవిరినాయుడు జరీ శాలువా పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు. తల నెరిసిన మనిషి, పెద్ద మీసం. పైడమ్మ కళ్ళు తెరిచి అతన్ని చూసింది. ఆ మీసం కింద ఉన్న మొహం ఆవిడకి బాగా తెలుసు, అందరికన్నా ముందు చూసిన మొహం. ఉన్న ఓపికంతా కూడగట్టుకుంది.

"గవిరిగా, ఆ శాలువా అవతల పెట్టు" అంది. డప్పులు ఆగాయి. "నువ్వు మీయమ్మ కడుపులో అడ్డం తిరిగేవు. తల్లీ దక్కదు, పిల్లా దక్కదని మీ ఇంటిల్లిపాదీ ఏడ్చేరు. ఈ చేతుల్తో నేను నిన్ను తిప్పేను. ముట్టుకుంటే తప్పని నేనూ మొక్కి ఊరుకుంటే నువ్వుందువా? ఇప్పుడు నేను అడ్డం పడ్డాను. నన్ను తిప్పు."

గవిరినాయుడు ఊరి పెద్దలవైపు చూశాడు. వాళ్ళు వద్దని తల ఊపారు. ఆచారం అన్నారు, అరిష్టం అన్నారు, ఊరికి కీడన్నారు. గవిరినాయుడు శాలువా కింద పెట్టాడు. చొక్కా చేతులు మడుచుకున్నాడు. ఒక చెయ్యి భుజం కిందా ఒక చెయ్యి నడుం కిందా పోనిచ్చి, పసిపిల్లని తిప్పినట్టు మెల్లగా పక్కకి తిప్పాడు.

కప్పిన శాలువాల్లో ఒకటి ఒంటి కిందికి జరిగి వీపుకి అంటుకుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్ళు పోసి నానబెడితే గానీ ఊడి రాలేదు. దాని కింద నా అరచెయ్యంత పుండు. చూసిన ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. గవిరినాయుడు మంచం పక్కనే నేల మీద కూచున్నాడు. ఇంత బాధ పడుతూ మాతో ఒక్కమాట చెప్పొద్దా మామ్మా అని అడిగాడు.

"చెప్పేన్రా" అంది పైడమ్మ. "చెప్పినప్పుడల్లా మొక్కేరు."

 

అప్పుడు మొదలుపెట్టారు చెయ్యాల్సిన పని. నీళ్ళు కాచి చల్లార్చి పుండు కడిగారు. మెత్తటి పాత చీరలు ఉతికి పక్కేశారు. ఈ పక్కన కాసేపు, ఆ పక్కన కాసేపు తిప్పి, మడమల కింద దిండు పెట్టారు. రాగిజావ, గుడ్డు, పప్పన్నం కొసరి కొసరి తినిపించారు. పైడమ్మ ఊరుకుందనుకున్నావా, తిన్న ప్రతి ముద్దకీ ఒక తిట్టు తిట్టింది. తిట్టనీ, ఆవిడకి ఆ హక్కుంది. పుండు పడ్డంత తొందరగా మానదు తల్లీ. మళ్ళీ వానలొచ్చాక గానీ కొత్తచర్మం పట్టలేదు.

ఆచారం పోలేదు, మారింది. ఆ ఊళ్ళో ఇప్పటికీ పెద్దవాళ్ళకి మొక్కుతారు. కానీ ముందు వీపు చూడాలి, దాహమేస్తోందా అని అడగాలి, పక్కకి తిప్పాలి. చేతులు కడుక్కున్నాకే మొక్కు. పైడమ్మ పోయేనాటికి ఒంటి మీద పాత మచ్చ ఒకటి తప్ప కందినచోటే లేదట.

కోపం ఎందుకని అడగవేం? పొద్దున మన వీధి చివర మంచాన పడ్డ తాతగారి పుట్టినరోజుకి వెళ్ళాం కదా. ఫ్లెక్సీ కట్టారు, దండలేశారు, పక్కన నిలబడి ఫోటోలు దిగారు. నువ్వు లడ్డూ తిన్నావు. నేను ఆయన కాళ్ళకి మొక్కబోయి మడమ చూశాను. నల్లగా కమిలిపోయి ఉంది. వాళ్ళ కోడలికి చెప్తే, తర్వాత చూద్దాం పిన్నిగారూ, ముందు కేకు కోద్దాం అంది. నేను నోరు మూసుకుని వచ్చేశానా? లేదు, ఆ మాట అందరూ వినేలా ఇంకోసారి చెప్పొచ్చాను. రేపు పొద్దున్నే మళ్ళీ వెళ్తున్నాం, నువ్వూ నేనూ. ఈసారి లడ్డూ ఉండదు. ఒక మెత్తటి దిండు నువ్వు పట్టుకో.

కథేమో కంచికి, మనమేమో మంచానికి;
శాలువా పెట్టెలోకి, అరచెయ్యి వీపు మీదికి.